కదలని గదిలో ప్రయాణం

చనిపోయిన మనిషి గదిలోకి అడుగు పెట్టగానే రైలక్కకు నిద్ర ముంచుకొచ్చింది.

పద్దెనిమిదేళ్ళు ఒంటికి అలవాటైన నిద్ర అది. పట్టాల చప్పుడుతో కలిసి ఊయలలా వచ్చే నిద్ర. కాళ్ళ కింద నేల మెల్లగా కుడికి ఒరిగి, మళ్ళీ ఎడమకు ఒరిగినట్టయింది. తలుపు చట్రం పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఏం రైలక్కా, బండి కదిలిందా?" వెనకనుంచి మార్కుల మాస్టారి గొంతు. "ఇది ఇల్లండీ. ఎక్కడికీ పోదు. ధైర్యంగా లోపలికి రండి."

మార్కుల మాస్టారు నిజానికి మాస్టారు కాడు, ఊరి పోలీసు స్టేషన్లో సబ్ ఇన్‌స్పెక్టరు. రైలక్క కంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడు. కొత్తగా చేరినవాళ్ళకు రోజూ సాయంత్రం పదికి ఇన్ని అని మార్కులు వేయడం అతని పని. ఆ పనంటే అతనికి ప్రాణం. ఇక రైలక్క పూర్తిగా కొత్తదీ కాదు, పాతదీ కాదు. రైల్వే పోలీసులో పద్దెనిమిదేళ్ళు చేసి, సంపాదించుకున్న హోదా అంతా అక్కడే దింపేసి, ఊరి పోలీసులోకి మారింది. చేరిన రోజున మొన్నమొన్నే మీసాలొచ్చిన కుర్రాళ్ళ వెనక, వరసలో చివర నిలబెట్టారు. ఆరు నెలల పరీక్షా కాలం. మార్కులు బాగుంటే ఉద్యోగం పక్కా. లేకపోతే ఇంటికే. పాత చోట ఆమె కుర్చీలో ఈపాటికి ఇంకెవరో కూర్చున్నారు.

ఆ ఆరు నెలలూ ఇవాళ్టితో ఆఖరు.

ఎందుకు మారావని ఎవరైనా అడిగితే ఒళ్ళు సహకరించక అని చెప్పేది. అసలు సంగతి వేరు. బళ్ళో అమ్మ బొమ్మ గీయమంటే ఆమె కొడుకు సూట్‌కేసు గీసుకొచ్చాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈ ఆరు నెలలూ సాయంత్రమయ్యేసరికి ఇంట్లో ఉంది. వాడు చెప్పుకొచ్చే బడి కబుర్లు పూర్తిగా వింది. ఆ సాయంత్రాలు మళ్ళీ పోగొట్టుకోవడం ఆమె వల్ల కాదు.

"కేసు తేలిక," మాస్టారు గుమ్మంలోనే నిలబడి చెప్పుకుపోతున్నాడు. "కింద లాండ్రీ, పైన యజమాని కాపురం. నిన్న ఒంటిగంటకు పనివాళ్ళు భోజనాలకు వెళ్ళారు. ముసలాయన, ముసలావిడ ఇక్కడ నడుం వాల్చారు. ఆవిడకు పొద్దున పన్ను పీకారు, నొప్పికి మాత్ర వేసుకుని ఒళ్ళు తెలియకుండా పడుకుంది. రెండయ్యాక కూడా ఈయన దిగలేదు. వచ్చి చూస్తే ముఖం మీద దిండు, ఊపిరి లేదు. గదిలో దేనికోసమో వెతికారు. ఆ గంటలో ఇంట్లో ఉన్న మూడో మనిషి అల్లుడు. పొద్దునే మామతో పెద్ద గొడవ. మీరు కూడా చూసి సరేనని సంతకం పెడితే సాయంత్రానికి కేసూ పూర్తి, మీ పరీక్షా పూర్తి. ఎనిమిది వేద్దామనుకుంటున్నా. ఇంతవరకూ ఎవరికీ ఎనిమిది వెయ్యలేదు."

"దేనికోసమో వెతికారన్నారు. అన్నీ సర్దే ఉన్నాయి కదా సార్?"

"ముసలాయన మొలకు ఉండే తాళాలు బీరువాకు వేలాడుతున్నాయి. వెతికాడు, మళ్ళీ సర్దాడు. ఇంటల్లుడు కదా, ఆ మాత్రం శుభ్రం ఉంటుంది."

రైలక్క మోకాళ్ళ మీద కూర్చుంది. నేల చెక్కల సందుల్లోంచి కింది లాండ్రీ ఆవిరి సన్నగా పైకి వస్తోంది. కిటికీ ఎండ ఆ ఆవిరిలో పాలలా తేలుతోంది. కింద ఎక్కడో తడి దుప్పట్లు ఒకదానికొకటి తగులుతూ గుసగుసలాడుతున్నాయి. లోకమంతా ఎవరో నానబెట్టి ఆరేసినట్టుంది.

ఆమె తల వంచి మంచం కిందికి చూసింది.

మంచినీళ్ళ సీసా నిలబెట్టి లేదు, పడుకోబెట్టి ఉంది. దానికి అటొక చెప్పు, ఇటొక చెప్పు, దొర్లకుండా కాపలా ఉన్నట్టు. ముసలాయన కళ్ళజోడు ఒక చెప్పులోకి దూర్చి ఉంది. చేతికర్ర గోడకు ఆనించి లేదు, గోడ వెంట నేలమీద పొడుగ్గా పడుకుంది. ముసలావిడ మంచం దగ్గరా అదే తీరు. చేతిసంచీ పట్టీ మంచం కోడుకు ఒక చుట్టు చుట్టి ఉంది. ఇనప్పెట్టె అడ్డంగా తిప్పి, పిడి బయటికి పెట్టి ఉంది. బల్ల సొరుగు దానంతటది జారి తెరుచుకోకుండా సందులో మడిచిన చేతిరుమాలు.

కదలని గదిలో ప్రతి వస్తువూ, ఏ క్షణాన్నయినా గది కదిలిపోతుందన్నట్టు పెట్టి ఉంది.

తనకు నిద్ర ఎందుకు వచ్చిందో రైలక్కకు అప్పుడు తెలిసింది. కళ్ళకంటే ముందు ఒళ్ళు గుర్తుపట్టింది. నడిచే బండిలో, నిద్రపోయే ప్రయాణికుల్ని లేపకుండా వాళ్ళ సామాను వెతికేవాళ్ళు ఇలా సర్దుతారు. సీసా దొర్లితే మనిషి లేస్తాడు. పెట్టె జారితే గొడవ. అందుకని వెతకడం ఎంత పనో, మళ్ళీ పెట్టడం అంత పని. ఇది రైల్వే పోలీసు సర్దుడు. అలవాటు మీద చేతులు వాటంతటవి చేసుకుపోయిన పని.

ఆమె తన అరచేతులు ఒకసారి చూసుకుంది. అవీ అలాగే సర్దేవి.

"ఏమైనా దొరికిందా?"

"ఒకసారి అల్లుడితో మాట్లాడదాం సార్."

అల్లుడు కింద మాసిన దుప్పట్ల మూట మీద కూర్చుని ఉన్నాడు. భారీ మనిషి. చుట్టూ తెల్లటి మూటల మధ్య మబ్బుల్లో ఇరుక్కున్నట్టున్నాడు.

"ఒంటిగంట నుంచి రెండింటి దాకా ఎక్కడున్నావు?" అన్నాడు మాస్టారు.

"బాయిలర్ దగ్గర సార్. ఎన్నిసార్లు చెప్పమంటారు?"

"భోజనాల వేళ బాయిలర్‌తో ఏం పని? జోల పాడతావా?"

"ఆర్పితే మళ్ళీ ఆవిరి పట్టడానికి గంట పడుతుంది సార్. ఆలస్యమైతే మామయ్య చంపేస్తాడు." అని, నాలుక కరుచుకున్నాడు.

"చూశారా రైలక్కా, ఎవరు ఎవర్ని చంపారో తడబడుతున్నాడు."

రైలక్క ఇంకో మూట లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "గొడవ దేనికి వచ్చింది బాబూ?"

"దిండు గురించి మేడమ్. రైళ్ళ పక్కబట్టలన్నీ మా దగ్గరికే వస్తాయి. మొన్న ఒక దిండు మరీ బరువుగా ఉందని మామయ్య కుట్లు విప్పాడు. లోపల పొట్లం. మత్తు మందో ఏమో, నన్ను ముట్టుకోనివ్వలేదు. స్టేషన్లో ఇచ్చేద్దాం పదమన్నాను. 'నువ్వూరుకో, నాకు తెలిసిన పోలీసాయన ఒకాయన ఉన్నాడు, ఫోన్ చేశాను, ఆయనే వచ్చి చూసుకుంటాడు' అన్నాడు. ఇంట్లో నా మాటకు విలువ లేదా అని నేనూ గట్టిగా అరిచాను. అంతే మేడమ్."

"ఆ పోలీసాయన పేరు?"

"చెప్పలేదు."

"పొట్లం ఎక్కడ?"

"దాచాడు. ఆయన దాచింది ఆయనకే దొరికేది కాదు."

మాస్టారు చప్పట్లు కొట్టాడు. "లేని పొట్లం, పేరు లేని పోలీసు. బాగా అల్లావయ్యా."

"మూటలు దింపే వెనక తలుపు మధ్యాహ్నం వేసి ఉంటుందా?" రైలక్క అడిగింది.

"గడియ పెట్టం మేడమ్. రైళ్ళ మూటలు ఎప్పుడొస్తాయో తెలీదుగా."

ముసలావిడను వెనక గదిలో కూతురి మంచం మీద పడుకోబెట్టారు. బుగ్గ వాచి ఉంది. డాక్టరు ఇంకో మాత్ర ఇచ్చినట్టున్నాడు, మాట నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు వస్తోంది. రైలక్క ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పెద్దమ్మా, మంచినీళ్ళ సీసా ఎప్పుడూ ఎక్కడ పెట్టుకుంటారు?"

"తలాపున స్టూలు మీదమ్మా. వంగి తీసుకునే ఓపిక ఎక్కడిది?"

"నిన్న మధ్యాహ్నం ఏమైనా విన్నారా?"

"విన్నానో, కలగన్నానో..." ఆవిడ కళ్ళు పైకప్పు మీద తిరుగుతున్నాయి. "నేను రైల్లో ఉన్నాను. కిటికీ బయట మన దుప్పట్లన్నీ తెల్లగా పరుగెడుతున్నాయి. ఎవరో వచ్చి నా మంచం దగ్గర గొంతుక్కూర్చున్నారు. నా చెప్పులు సర్దారు. ఎంత మెల్లగా సర్దారనీ! మా అమ్మ కూడా నా వస్తువులు అంత మెల్లగా ముట్టుకోలేదు. నాకు మెలకువ రాబోయింది. అప్పుడు చెవిలో చెప్పారు."

"ఏమని?"

"'పడుకోమ్మా, నువ్వు దిగే చోటు ఇంకా రాలేదు' అని."

రైలక్క చెయ్యి చల్లబడిపోయింది. ముసలావిడ అది గమనించి తనే ఆ చెయ్యి నిమిరింది.

"మగ గొంతా, ఆడ గొంతా?" మాస్టారు అడిగాడు.

"గుసగుసకు ఆడా మగా ఏముంటుంది నాయనా? అంత చల్లటి మాట విని మళ్ళీ పడుకున్నాను. అదే నేను చేసిన పాపం. ఈయన దిగిపోయాడు, నన్ను లేపకుండానే దిగిపోయాడు..."

మాస్టారు బయటికి నడిచాడు. రైలక్క ఆవిడ దుప్పటి సర్ది, వెంట వెళ్ళింది. ఆరేసిన దుప్పట్ల వరసల మధ్య అతను సంతకం కాగితం పట్టుకుని నిలబడ్డాడు. గాలికి దుప్పట్లు ఊగినప్పుడల్లా మనిషి మాయమవుతున్నాడు, మళ్ళీ కనిపిస్తున్నాడు.

"మాత్రల మత్తులో మాటలు. వదిలేయండి. సంతకం పెట్టండి."

"అల్లుడు కాదు సార్. రైల్వే పోలీసు మనిషి."

ఆమె అంతా చెప్పింది. సీసా, కళ్ళజోడు, సంచీ పట్టీ, సొరుగులో చేతిరుమాలు. అతను మధ్యలో రెండుసార్లు నవ్వబోయాడు. చివరికొచ్చేసరికి నవ్వు ఎండిపోయింది.

"బాగుంది. నిజంగా బాగుంది. మరి ఈ ఊళ్ళో రైల్వే పోలీసు పని తెలిసిన మనిషి ఎవరు?"

"నాకు తెలిసి నేనొక్కదాన్నే."

"నిన్న ఒంటిగంట నుంచి రెండు దాకా మీరెక్కడున్నారు?"

"మీ జీపులో. కోర్టు బయట. మీరు లోపల సాక్ష్యం చెబుతున్నారు."

"నేను లోపలున్నాను, నిజమే. మిమ్మల్ని ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు. కళ్ళు తెరుచుకునే కునుకు తీశాను."

"కోర్టు నుంచి ఇక్కడికి?"

"నడిస్తే పది నిమిషాలు."

ఒక దుప్పటి వాళ్ళ మధ్యకు వచ్చి, వెళ్ళింది. మాస్టారు గొంతు తగ్గించాడు. ఈ ఆరు నెలల్లో అతను గొంతు తగ్గించడం ఆమె వినలేదు.

"చూడండి, మీరంటే నాకు పడదు. దాపరికం ఏమీ లేదు. అడిగిందానికి సమాధానం చెప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తారు. అది నాకు చిరాకు. కానీ ఇప్పుడు మీ మేలుకోరే చెబుతున్నా. ఈ మాటలు నేను వినలేదు. మీరు అనలేదు. సంతకం పెట్టండి, సాయంత్రం హాయిగా మీవాడి దగ్గరికి వెళ్ళండి."

"వినండి సార్. ఇంకా ఉంది. ఆ చెవిలో చెప్పిన మాట మా శాఖలో అందరూ అనే మాట కాదు. ప్రయాణికుడికి మెలకువ వస్తే మిగతావాళ్ళు 'పోలీసులం, పడుకోండి' అంటారు. అది విని ఎవడు పడుకుంటాడు? ఈ మాట నేను అనేది."

"మీరా?"

"నేనూ, నాకు పని నేర్పిన మా గురువుగారూ. ఇంకెవరూ అనరు."

మాస్టారి ఫోన్ మోగింది. అతను విన్నాడు, కనుబొమలు ముడిచాడు, ఫోన్ కిందికి దించి ఆమెను చూశాడు.

"స్టేషన్ నుంచి. మీ ఉద్యోగం పక్కా చెయ్యాలంటే పాత శాఖ నుంచి ఒకరు స్వయంగా వచ్చి హామీ ఇవ్వాలిగా. ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడట. తెల్లజుట్టు, సన్నగా ఉంటాడట. రిటైరైన రైల్వే పోలీసాయన."

"ఎప్పుడొచ్చారట?"

"స్టేషన్‌కు ఇప్పుడే. ఊళ్ళోకి మాత్రం..." మాస్టారు ఆగాడు. "నిన్న పొద్దుటి బండికే దిగాడట."

మాస్టారు జీపును స్టేషన్ వైపు తిప్పాడు.

గురువుగారు విచారణ గదిలో, బల్లకు అవతల, నిందితుల్ని కూర్చోబెట్టే వైపు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. వేరే కుర్చీలు ఖాళీ లేక అక్కడ కూర్చోబెట్టారట. ఆమెను చూసి ఆయన ముఖం వెలిగింది.

"అమ్మాయ్! చిక్కిపోయావు. ఇక్కడ తిండి పెట్టడం లేదా?"

ఇరవై రెండేళ్ళ పిల్లగా మొదటి డ్యూటీకి ఎక్కిన రోజు విన్న గొంతు. దూదిలాంటి గొంతు. పెట్టె ఎలా తెరవాలో, మనిషిని ఎలా లేపకూడదో ఆ గొంతే నేర్పింది. అసలు తెలుసుకోవాల్సింది ముందు అడగకూడదని కూడా ఆయనే నేర్పారు. ఆమె ఇవతలి కుర్చీలో కూర్చుంది. మాస్టారు ఆమె పక్కన కలం తీసి కూర్చున్నాడు.

"నిన్ననే వచ్చి నాకు కబురు చెయ్యలేదేం గురువుగారూ?"

"నీకు పరీక్ష రోజులు కదా, ఎందుకు కంగారు పెట్టడమని."

"భోజనం ఎక్కడ చేశారు?"

"లాడ్జీలోనే."

"లాండ్రీ ముసలావిడ మిమ్మల్ని అడిగింది."

ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టారు. అంచున కాదు, సరిగ్గా మధ్యలో. "ఏ లాండ్రీ?"

"ఆవిడ నిద్రపోలేదు. మీ మాట వింది. మీరు అన్నీ వెతికి, ఎక్కడపడితే అక్కడ విసిరేసి వెళ్ళిపోయి ఉంటే, ఈ సార్ అల్లుణ్ణి పట్టుకునేవారు, నేను సంతకం పెట్టేదాన్ని. సీసా ఎందుకు పడుకోబెట్టారు? ఆ గది ఎక్కడికి వెళుతుందనుకున్నారు?"

గురువుగారు తన చేతులు బల్ల మీద పరిచి, అవి ఇంకెవరివో అన్నట్టు చూశారు.

"నాకు రిటైర్మెంట్ ఇచ్చారుగానీ వీటికి ఇవ్వలేదమ్మాయ్," అన్నారు. "పొట్లం దొరికితే తీసుకుని వెళ్ళిపోయేవాణ్ణి. నీ మీద ఒట్టు. ఆయన లేచాడు. 'అయ్యో, మీరా! రేపొస్తానన్నారుగా?' అని నవ్వాడు. పాపం, నవ్వుతూనే మంచం కింద నేను తెరిచిన పెట్టెవైపు చూశాడు. ఆ నవ్వు ఆగిపోయేలోపే దిండు తీసుకున్నాను."

మాస్టారి కలం గబగబా నడుస్తోంది. గురువుగారు అటు చూసి తల ఊపారు, పిల్లాడి అల్లరి చూసినట్టు.

"రాయనీ. సాయంత్రానికి నువ్వే చింపేయిస్తావు."

"ఎందుకు?"

"ఆ దిండ్ల మూటలు ఏ బండిలో వచ్చేవి? నీ బండిలో. తనిఖీ అయిందని మూటల మీద ముద్ర ఎవరిది? నువ్వు మారేదాకా ఆరేళ్ళు ప్రతి మూట మీదా నీదే. 'నేను చూశానమ్మాయ్, ముద్ర వేసెయ్' అంటే వేసేదానివి. నేను చూశానని ఎక్కడా లేదు. నువ్వు చూశావని మాత్రం ఉంది." ఆయన ముందుకు వంగారు. గొంతులో ఇప్పటికీ అదే చల్లదనం. "ఈ ఊరివాళ్ళు నిన్నెందుకు తీసుకున్నారు? మచ్చలేని అనుభవం ఉందని. ఆ మచ్చలేనితనం నేను కాపాడి ఇచ్చిందే. నన్ను లోపల వేస్తే నీ పద్దెనిమిదేళ్ళూ నాతోపాటే లోపలికి వస్తాయి. నీ కొడుక్కి ఏం చెప్పుకుంటావు? ఆలోచించు. నేను హామీ సంతకం పెడతాను, నువ్వు ఇంటికి వెళ్ళు. అల్లుణ్ణి నాలుగు రోజులు పోయాక సాక్ష్యం లేదని వదిలేస్తారు."

గోడ అవతల ఎవరో నవ్వారు. ఎక్కడో తలుపు పడింది. రైలక్కకు మళ్ళీ నేల ఒరుగుతున్నట్టు అనిపించింది. ఆమె కళ్ళ ముందు మూటలు, తెల్లటి మూటలు, ఒకదాని వెనక ఒకటి మసక వెలుగులో కదిలిపోతున్నాయి. ప్రతి దాని మీదా తన ముద్ర. నిజమే. ఆయన చూశానంటే చాలు, తను చూసినట్టే అనుకుంది. ఒక్కటైనా విప్పలేదు. ఆరేళ్ళు.

మాస్టారి కలం ఆగిపోయి ఉంది. అతను ఆమెనే చూస్తున్నాడు. అదేదో పరీక్షలో తనకే సమాధానం తెలియనట్టుంది ముఖం.

"మేడమ్," అన్నాడు మెల్లగా. అతను ఆమెను అలా పిలవడం అదే మొదలు. "ఈ ముద్రల సంగతి... నేను ఇంకా రాయలేదు."

రైలక్క లేచింది. తన కుర్చీ ఎత్తి పట్టుకుని బల్ల చుట్టూ నడిచింది. గురువుగారి పక్కన, అవతలి వైపు, కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇద్దరి భుజాలూ దాదాపు తగిలేంత దగ్గరగా. గురువుగారి ముఖంలో మొదటిసారి ఆ చల్లదనం చెదిరింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్?"

ఆమె ఆయన వైపు తిరగలేదు. బల్లకు ఇవతల ఒంటరిగా మిగిలిపోయిన మాస్టారిని సూటిగా చూసింది.

"ఆ అల్లుణ్ణి ఇంటికి పంపించమని చెప్పండి సార్. తర్వాత రాయండి. ఆయన చెప్పింది మొత్తం, ముద్రల సంగతితో సహా. ఆయన వంతు అయ్యింది," అంది రైలక్క. "ఇక నన్ను అడగండి."